కొసరు లేని చైను

ఆ రోజు పోయినవేమిటో ముందే చెప్పేస్తాను: సైకిలు చైనులో ఒక లంకె, మా నాన్న ఎడమకాలి చెప్పు, బెల్లు మూత, ఇంటిల్లిపాదికీ మధ్యాహ్నం భోజనం, తన కొలత మీద నాన్నకున్న నమ్మకం. మొత్తం ఐదు. నమ్మకం మర్నాటికే తిరిగొచ్చింది, మిగిలిన నాలుగూ రాలేదు. ఇవన్నీ ఇప్పుడు గుర్తు రావడానికి కారణం మా అబ్బాయి గేరు సైకిలు. నిన్న దాని చైను తెగితే, బరంపురంలో మా ఇంటి వరండాలో పాత పేపరు పరుచుకుని కొత్తది వేయడానికి కూర్చున్నాం. తెగిన చైను చేతిలోకి తీసుకోగానే ఆ నల్లటి జిడ్డు, ఇనుపరజను, ఎండిన మట్టి కలిసిన వాసన ముక్కుకి తగిలి, గేట్ బజార్ వెనక సందులో ఉన్న మా పాత ఇంటి అరుగు మీదికి నన్ను లాక్కుపోయింది.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. మాది చిన్న బట్టల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో కొత్త గుడ్డ గంజి వాసన వేసే చీకటి నడవ. వేసవి వచ్చిందంటే ఆ నడవలోకి పెరటి వైపు నుంచి ఆవపిండి ఘాటు వచ్చి చేరేది. మా నాన్న తల్లిని మేము మామ్మ అనేవాళ్ళం, ఆవిడ తలకి తడి తువ్వాలు చుట్టుకుని మామిడి ముక్కలు ఒక్కొక్కటీ తుడుస్తూ కూర్చునేది. మేడ మీద పాత చీరల నిండా అప్పడాలు ఎండుతుంటే, కాకుల్ని తోలే నెపంతో మేము పిల్లలం అక్కడే చింతపిక్కలు ఆడుతూ, అప్పడాలు పచ్చివిగానే తినేస్తూ మధ్యాహ్నాలు గడిపేవాళ్ళం. ఎన్ని తిన్నామో మామ్మకి తెలియకపోయినా నాకు తెలిసేది. కనిపించినదల్లా లెక్కపెట్టకపోతే నాకు తోచేది కాదు. లెక్కలు నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు; కొట్లో తానులు విప్పుతుంటే చూస్తూ, పావులూ అరలూ నోట్లోనే కలుపుకుంటూ నేర్చుకున్నాను.

మా ఇంట్లో ఏది కొలిచినా గుడ్డను కొలిచినట్టే కొలిచేవారు. నాన్న గజంబద్ద పక్కన గుడ్డ పరిచి, లాగి, గీత దగ్గర ఆగకుండా ఇంకో రెండు వేళ్ళు ముందుకి జరిగి అప్పుడు కత్తెర పెట్టేవాడు. ఆ రెండు వేళ్ళూ కొసరు. ఆ కొసరు కోసమే మా కొట్టుకి వచ్చేవాళ్ళు చాలామంది. అది ఆయన చేతికి ఎంత అలవాటంటే మా దిండు గలీబులు దిండ్ల కంటే పొడుగు, తలుపు తెరలు నేలమీద జీరాడేవి, బట్టలారేసే తాడైతే కొక్కానికి కట్టాక కూడా ఇంకా ఉయ్యాల కట్టేంత మిగిలేది.

అంతటి నాన్న ఒకరోజు లావు టైర్లు, అడ్డకర్రలాంటి హేండిలు ఉన్న పాత సైకిలు ఒకటి కొనుక్కొచ్చాడు. కొండలెక్కడానికి చేసిన సైకిలట. దానికి గేర్లూ లేవు, మా చుట్టుపక్కల ఎక్కాల్సిన కొండా లేదు. "పాహాడొ కాహిఁ?" కొండేదీ అంటూ పక్కింటి ఒడియా పిల్లలు వెంటపడేవారు. నాన్న లెక్క వేరు. సముద్రపు ఒడ్డున ఆర్యపల్లిలో జాలర్ల ఇళ్ళకి ఆయన లుంగీలు, తువ్వాళ్ళు, చీరలు మూట కట్టి తీసుకెళ్ళి అమ్మేవాడు. ఛత్రపురం దాటాక ఆ దారంతా ఇసుక. సన్న టైర్లు దిగబడిపోతాయి, లావువి నిలబడతాయి. కొండ సైకిలుకి వెనక ఇనుప కేరియర్ వేయించి, దాని మీద బట్టలమూట కట్టించిన మొదటి మనిషి బహుశా మా నాన్నే.

ఆ వైశాఖంలో ఆర్యపల్లి నరసమ్మ తన కూతురు గౌరమ్మకి పెళ్ళి పెట్టుకుంది. నరసమ్మ చేపలమ్మేది, మాటల్లో గట్టి మనిషి. ఆమె ఎక్కడ కొంటే ఆ వీధంతా అక్కడ కొనేది. పెళ్ళికూతురి పసుపు చీరతో సహా బట్టలన్నీ మా దగ్గరే చెప్పింది. సాయంత్రం పసుపు పెట్టే వేళకి చేరాలి. చేరకపోతే ఛత్రపురంలో కొనుక్కుంటానని ముందే చెప్పింది. అంటే ఆ ఊరి బేరం మొత్తం పోతుంది. పొద్దున్నే బయలుదేరిన నాన్న ఎండెక్కేసరికి ఒంటి చెప్పుతో సైకిలు నడిపించుకుంటూ తిరిగొచ్చాడు. చైను తెగి, సైకిలు గోతిలో పడి, బెల్లు మూత ఎటో ఎగిరిపోయిందట. మూట మాత్రం నలగలేదు.

"ఏటిరా, బేరానికెల్లినోడివి బండిని షికారు తిప్పుకొచ్చినావు?" అంది మామ్మ.

వీధి చివరి మేస్త్రీ ఊళ్ళో లేడు. నాన్న బజారుకెళ్ళి కొత్త చైను కొని తెచ్చి, అరుగు మీద కూర్చున్నాడు. పాత చైను పరిచాడు. పక్కనే కొత్తది పరిచాడు. రెంటి కొసలూ కాలి బొటనవేళ్ళతో తొక్కిపెట్టి, అచ్చం తానును లాగినట్టు లాగి, పాతది ఆగినచోట రెండు వేళ్ళు ముందుకి జరిగి మేకు పెట్టి సుత్తితో కొట్టాడు. ఎక్కువైన ముక్క ఊడి వచ్చింది. చైను ఎక్కించి, చేతులు కూడా తుడుచుకోకుండా సందులోకి తొక్కాడు. మలుపు దగ్గరే చైను వదులై జారిపోయింది. మళ్ళీ ఎక్కించాడు, మళ్ళీ జారింది. వెనక చక్రాన్ని వెనక్కి లాగుదామంటే దాని ఇరుసు అప్పటికే గాడి చివర ఉంది. లోపల అన్నం చల్లారిపోతోంది, ఎవరికీ తినే ధ్యాస లేదు. నాన్న మూట వైపు చూసి, ఎండ వైపు చూసి, "కొలత సరిపోనాది కదా!" అని తనలో తనే అనుకున్నాడు.

ఈలోగా నేను పాత చైను ఒళ్ళో పెట్టుకుని లెక్కపెట్టాను. తొంభై ఏడు. లంకెల్లో ఒకటి వెడల్పు, ఒకటి సన్నం, వరసగా వస్తాయి. గుండ్రంగా కలవాలంటే సరిసంఖ్య ఉండాలి. కాబట్టి ఒకటి దారిలో రాలిపోయింది, అసలు తొంభై ఎనిమిది. నాన్న ఎక్కించిన కొత్తది లెక్కపెడితే నూట రెండు.

"నాలుగు ఎక్కువున్నాయి నాన్నా. పాతది అరిగి సాగిపోనాది. పొడుగు సూడకు, లంకెలు లెక్కెట్టు."

"తీసీసినాక తక్కువైతేనో? కత్తెర పడ్డాక మరి అతకదే పాపా."

"ఇది గుడ్డ కాదు నాన్నా. తక్కువైతే మళ్ళీ తగిలించుకోవచ్చు."

నాన్న ఇంకా సుత్తి పట్టుకునే ఉన్నాడు. నూనె చేతుల్తో మామ్మ గుమ్మంలోకి వచ్చింది. "కొసరు తీసెయ్‌రా. సైకిలుకి బేరమాడ్డం రాదు."

నాన్న నవ్వేశాడు. నాలుగు లంకెలూ తీసి బిగిస్తే చక్రం గాడిలో ముందుకి జరిగి కూర్చుంది. సందు చివరిదాకా వెళ్ళొచ్చాడు, చైను జారలేదు. "నువ్వూ ఎక్కు. జారితే నీదే పూచీ," అని నన్ను మూట మీద కూర్చోబెట్టాడు. మామ్మ మా ఇద్దరికీ అరటిపళ్ళు ఇచ్చింది. వడగాలి, తారు వాసన, తర్వాత జీడితోటల వాసన, చివరికి ఎండుచేపల వాసన. ఇసుక దారిలో నాన్న లేచి నిలబడి తొక్కుతుంటే చైను కిర్రుమంది కానీ జారలేదు. పొద్దు వాలుతుండగా ఆర్యపల్లి చేరాం. పందిట్లో పసుపు కలిపి సిద్ధంగా ఉంది.

"ఏటి సావుకారూ, పెళ్ళి నీ కోసం ఆపుకోమంటావా? ఛత్రపురానికి మనిషిని పంపబోతన్నాను," అంది నరసమ్మ, మూట విప్పుతూనే. నాన్న చైను సంగతంతా చెప్పాడు. అది విని ఆమె నా గడ్డం పట్టుకుంది. "ఈ పిల్లకేటి పెట్టను? మా సేప మీరు తినరు. సరే, తెప్పెక్కించి కెరటం దాటిస్తాను. మూడుసార్లు!"

ఆ వేసవిలోనే ఒకసారి, మరుసటి ఏడు ఒకసారి ఆమె మాట నిలబెట్టుకుంది. దుంగలు కట్టిన తెప్ప మీద తాడు పట్టుకుని నేను అరుస్తుంటే, ఒడ్డున మా నాన్న అంతకంటే ఎక్కువ అరిచేవాడు. ఆ తర్వాత నేను వోణీల వయసుకొచ్చాను, కేరియర్ ఎక్కడం మానిపించారు.

ఇప్పుడు ఆ కొట్టు లేదు, ఆ సైకిలు లేదు. ఇసుక దారి సిమెంటు రోడ్డయింది. నాన్న, మామ్మ, నరసమ్మ ముగ్గురూ వెళ్ళిపోయారు. ఆర్యపల్లి ఒడ్డున దుంగల తెప్పలు పోయి ఇంజన్ పడవలొచ్చాయి. మొన్న మనవరాలికి చీర కొనడానికి గేట్ బజార్ వచ్చిన గౌరమ్మ నన్ను చూసి నలుగురిలో కేకేసింది: "ఒలే, మా అమ్మ మాట నా మీద పడింది. ఎప్పుడొస్తావు? నాకు మోకాళ్ళు పోకముందే రా!"

మూడులో రెండు తీరాయి. నాకింకా రావలసింది ఒక్క కెరటం.