నేను రాసిన రెండు ఉత్తరాలు

ఆమె నాకు డబ్లిన్‌లోని తెలుగు ప్రార్థన కూటంలో పరిచయం. ప్రాణభయంతో ఐర్లండ్ వచ్చి శరణు కోరింది. ట్రాలీ అనే ఊళ్లో, ప్రభుత్వం నడిపే శరణార్థుల వసతి గృహంలో ఉండేది. ఒకసారి డబ్లిన్ వచ్చినప్పుడు జబ్బుపడి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండిపోయింది. తిరిగి వెళ్లేసరికి ఆమె మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. చెప్పకుండా వెళ్లిపోయింది కనుక మళ్లీ వసతి ఇచ్చేది లేదని ఉత్తరం చేతిలో పెట్టారు.

డబ్లిన్ ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న స్వోర్డ్స్‌లో మేముండే అద్దె ఇంటికి తీసుకొచ్చాను. పిల్లల గదిలో నేలమీద పరుపు వేశాం. నేను ముసలివాళ్ల కేర్ హోమ్‌లో డ్యూటీ చేసి వచ్చాక ఇద్దరం వంటింటి బల్ల దగ్గర కూర్చుని అప్పీలు రాశాం. ఆసుపత్రి కాగితాలు జతచేశాం. ఇంకొంచెం బలంగా ఉంటుందని నేనూ ఒక ఉత్తరం రాశాను. మంచి మనిషి, ప్రస్తుతం మా ఇంట్లోనే ఉంటోంది అని.

మూడు వారాలకు జవాబొచ్చింది. ఆసుపత్రి సంగతి ఒప్పుకున్నారు. అయితే తెలిసినవాళ్ల ఇంట్లో ఉంటోంది కాబట్టి వసతి అవసరం లేదన్నారు. దానికి ఆధారం నా ఉత్తరమే.

ఉచితంగా కేసు చూస్తున్న ఐరిష్ లాయరమ్మకు ఫోన్ చేశాం. ఇక ఉండనివ్వలేనని నన్ను రాసివ్వమంది. ఊరికే రాస్తే కుదరదు, అది నిజమై ఉండాలంది.

నా పక్కనే కూర్చుని స్పీకర్లో అంతా వింటున్న ఆమే ముందు మాట్లాడింది. "రాసేయ్ అక్కా. లీజులో లేని మనిషి ఎవరని మీ ఓనర్ కూడా అడిగాడుగా."

"ఎక్కడికి పోతావే?"

"ఎక్కడికో అక్కడికి. నువ్వు పొమ్మంటేనేగా నాకు మంచం ఇచ్చేది."

ఓనర్ భయం నన్ను అప్పటికే పట్టుకుని ఉంది. ఆమె ఆ మాట అనగానే నాకు గుండె తేలికపడింది. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆదివారం నుంచి మా ఇంట్లో ఉండటానికి వీల్లేదని రాసి సంతకం పెట్టాను. ఆమె బ్యాగు సర్దుకుంటుంటే మా చిన్నది "వేర్ ఈజ్ ఆంటీ గోయింగ్?" అని అడిగింది.

ఐదు రోజులు ఎయిర్‌పోర్టు కుర్చీల్లో గడిపింది. డ్యూటీకి వెళ్తూ అన్నం డబ్బా ఇచ్చేదాన్ని. తీసుకునేది కానీ నా ముఖం చూసేది కాదు.

ఆరో రోజు డండాక్ ఊళ్లోని వసతి గృహంలో, నలుగురుండే గదిలో మంచం ఇచ్చారు. బస్సెక్కిస్తూ "గెలిచాం కదే" అన్నాను.

"ఆఁ" అంది, కిటికీ వైపు తిరిగి.

ఇప్పటికీ ఫోన్ చేస్తే మాట్లాడుతుంది. ఎలా ఉన్నావంటే, బావున్నాననడానికి ఇక్కడి ఐరిష్ వాళ్లు అన్నట్టే "గ్రాండ్ అక్కా" అంటుంది. మా ఇంటికి రమ్మనడానికి మాత్రం నాకు నోరు రాదు.