పాత డబ్బాకు అప్పజెప్పిన పాస్‌వర్డులు

నిన్న పొద్దున భూపాలపల్లి నుంచి మా అన్న బిడ్డ ఫోన్‌ల ఒక ఫోటో పంపింది. ఏదో ఆఫీసోళ్లు తీసేసిన పాత కంప్యూటరట, అగ్గువకొస్తున్నదట, చెల్పూర్ తొవ్వల ఆన్‌లైన్ సెంటర్ పెట్టుకుంటదట. నాయిన వద్దంటున్నడు, నువ్వు జర చెప్పత్తా, నీ మాటైతే ఇంటడు అని గారాలు పోయింది. ఆ నల్లడబ్బాను చూడంగనే, మీ నాయిన మాటే ఇను బిడ్డా అని చెప్పిన. నా ఈడువాళ్లు నవ్వుకుంటే నవ్వుకోండి గాని, కంప్యూటర్ ఫోటో చూసి చెమటలు పట్టిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంట.

మానుకోటల నేను సెంటర్ పెట్టిన కొత్తల అసొంటివే రెండు కొన్న. అప్పట్ల జనగామల కంప్యూటర్లు బాగుచేసే మా అన్న, ఈ బిడ్డ నాయినే, వచ్చి వాటి మూత విప్పి చూసి మొహం చిట్లించిండు. మెమొరీ ఇంకింత ఏసి, డిస్కు మారిస్తే స్పీడు కొంత పెరుగుతది గాని, వీటికి కొత్త సిస్టమ్ ఎక్కదు, ఉన్నదానికి అప్‌డేట్లు వచ్చుడు ఎప్పుడో ఆగిపోయినయి, వైరస్‌కు లోపల ఏ సందు దొరికినా దాన్ని మూసెటోడు లేడు అని ఒకటికి రెండుసార్లు చెప్పిండు. రెండిటినీ ఒకే వైరుతో కలపకు, ముఖ్యమైనవి వాటిల్ల దాచకు అని కూడా చెప్పిండు. పెద్ద చెప్పొచ్చినవ్ తియ్యి అన్న నేను. వద్దన్నడని మొండికేసి అదే పని చేసిన.

అవి ఎంత మెల్లగ నడిచేవంటే, స్విచ్చేసి చాయ్ తాగొచ్చినా ఇంకా తెర తెల్లారకపోయేది. లైన్ల నిలబడ్డోళ్లు అక్కా నీ కంప్యూటర్ నిద్ర లేచిందా అని ఎక్కిరించేవాళ్లు. ఒకనాడు కోపమొచ్చి, వైరస్‌ను ఆపే సాఫ్ట్‌వేరే సగం బలం తినేస్తున్నదని దాన్ని తీసి పారేసిన. నిజంగనే ఉరికింది! నా తెలివికి నేనే మురిసిపోయి, అన్నకు మాత్రం చెప్పలేదు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటున్నది, అది మా దిక్కు సెంటర్లవాళ్లందరం ప్రేమగానే చేసినం. గంగారం దిక్కు తండాల నుంచి వచ్చేవాళ్లకు అప్పట్ల ఇంటికో ఫోన్ కూడా లేకపోయేది, కాయితమిస్తే వానకు తడిసిపోయేది, అందుకని ఎవరి దరఖాస్తు నింపినా నా ఫోన్ నంబరే ఇచ్చి, ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డ్ నేనే పెట్టి, ఆ పాస్‌వర్డులూ పేర్లూ నంబర్లూ సర్టిఫికెట్లూ అన్నీ ఆ కంప్యూటర్లనే దాచిపెట్టేదాన్ని. అక్క దగ్గరున్నయంటే ఇంట్ల ఉన్నట్టే అనుకునేవాళ్లు పాపం.

నర్సింగ్ కాలేజీలకు ఆప్షన్లు పెట్టుకునేందుకు ఆఖరి రోజది, సాయంత్రం అయిదు దాకనే గడువు. ఒక తండా పిల్ల, వాళ్ల ఇంట్ల మొదటిసారి ఇంటర్ పాసైన పిల్ల, తల్లిని తీసుకొని పొద్దున్నే బస్సు దిగి వచ్చింది. ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని మేమిద్దరం అంతకుముందే కూసోని రాసిన జాబితా కూడా కంప్యూటర్లనే ఉండె. స్విచ్చేసిన. ఫైళ్ల పేర్లన్నీ వంకర టింకర అక్షరాలైనయి, ఒక్కటీ తెరుచుకోదు, నడుమ ఎర్రటి ఇంగ్లీషు ఉత్తరం, పైసలు పంపితేనే తాళం తీస్తమని. వైరు కలిపి ఉన్నది కాబట్టి రెండోదీ అంతే. ముందటి రోజు ఎవరో ఫోటోల కోసం పెట్టిన పెన్‌డ్రైవ్ అప్పుడు గుర్తొచ్చింది.

అన్నకు ఫోన్ చేస్తే తిట్టలేదు, వైరు పీకెయ్, దేన్నీ ముట్టకు, వస్తున్న అన్నడు. రైలెక్కి వచ్చేసరికి మూడు దాటింది, చూసి తల అడ్డంగ ఊపిండు. ఆ పిల్లకు హాల్‌టికెట్ నంబర్ నోటికి వచ్చుడే మాకు దొరికిన ఒక్క ఆధారం. రోడ్డవతలి సెంటర్‌కు ఉరికినం. ఆ సెంటరాయన లైన్ల ఉన్నోళ్లను జరిపి మమ్మల్ని కూసోబెట్టిండు. ఆఖరి రోజని సైట్ మెల్లగ నడుస్తుంటే, హాల్‌టికెట్ నంబర్‌తోటి రిజిస్ట్రేషన్ నంబర్ పట్టుకొని, నా ఫోన్‌కు వచ్చిన అంకెలు కొట్టి, కొత్త పాస్‌వర్డ్ పెట్టి లోపలికి పోయేసరికి అయిదుకు పావు తక్కువ. జాబితా లేదు, కాలేజీల కోడ్లు ఒక్కొక్కటే వెతుకుడు. "వరంగల్ ముందు పెట్టక్కా, హాస్టల్ ఉన్నది" అని ఆ పిల్ల అంటున్నది. అన్నీ పెట్టి ఆఖరి బటన్ ఒత్తిన. చక్రం తిరుగుతనే ఉన్నది. ఆగినంక గడువు ముగిసిందని ఒక్క లైన్ వచ్చింది.

తల్లి వాళ్ల భాషల ఏందో అడిగింది, బిడ్డ ఏందో చెప్పింది. ఇద్దరూ నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వేం జేస్తవక్కా, ఎడ్వకు" అని ఆ పిల్లే నా చెయ్యి పట్టుకున్నది. ఆ ఏడంతా తల్లితో మిరపకాయలు ఏరబోయిందని తర్వాత తెలిసింది.

మరుసటేడుకు నేను కొత్త కంప్యూటర్ కొన్న. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లే రాసుకునేటట్టు చిన్న నోట్‌బుక్కులు తెచ్చిపెట్టిన. ఆప్షన్ల రోజుల్ల ఆ పిల్ల కోసం దినాం తొవ్వ చూసిన. వచ్చింది. అవతలి సెంటర్ మెట్లెక్కుతూ నన్ను చూసి నవ్వి, బాగున్నవా అక్కా అని చెయ్యూపి, లోపలికి పోయింది. వరంగల్‌లనే సీటొచ్చిందట.

ఇప్పుడు తండాల కూడా ఎవరి ఫోన్ వాళ్ల చేతులనే ఉన్నది. సెంటర్‌కొచ్చినా పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు నాకు కనపడకుండ చెయ్యి అడ్డం పెట్టుకుంటరు, నేనూ మొహం అటు తిప్పుకుంట. గట్లనే ఉండాలె, అదే మంచిది. కానీ అన్నీ తెచ్చి నా చేతుల పోసి, రసీదు కూడా అడగకుండ బస్సెక్కిపోయిన మనుషులు ఒకప్పుడు నాకుండిరి. ఆ తల్లి ఆనాడు నన్ను నాలుగు తిట్లు తిట్టి కోపం తీర్చుకుంటే, ఆ పిల్ల బహుశా మళ్లీ నా దగ్గరికే వచ్చేదేమో.