దూలాల వెంట వస్తాయనుకున్న పిచ్చుకలు

మహబూబాబాద్ బజారులో నాకంటే గట్టి బేరగాడు లేడని శత్రువులు కూడా ఒప్పుకుంటారు. అలాంటి నేను చేసిన బేరాల్లోకెల్లా ఘనమైనది, మనుషులు ఖాళీ చేస్తున్న ఒక తండా ఇళ్ల కప్పులన్నింటినీ పిచ్చుక గూళ్లతో సహా కొనెయ్యడం. మొన్న మధ్యాహ్నం దుకాణంలో ఎవరి ఫోనో పిచ్చుకలా కిచకిచమంటే, నేను ఫోను వంక కాక తల మీది దూలాల వంక చూశాను. మా ఆవిడా అటే చూసింది.

కొత్తగూడ అడవిలో ఒక పెద్ద చెరువు నడుమ, దిబ్బ మీద ఉండేది ఆ తండా. మన ఈడువాళ్లకు చెప్పాలా, అప్పట్లో ఏ ఇంటి చూరు చూసినా పిచ్చుకలే, పంట ఇంటికొచ్చిన రోజున వరికంకుల కుచ్చు గుమ్మానికి కట్టి మొదటి గింజ వాటికే వదిలేవాళ్లం. మా బజారులో అవి ఎప్పుడు మాయమయ్యాయో ఎవరమూ గమనించలేదు గాని, ఆ దిబ్బ మీద మాత్రం మిగిలాయి. చెరువు కట్ట ఎత్తు పెంచాక దారి మునిగిపోయి, తండావాళ్లు ఒడ్డుకు మారాలనుకుని ఇళ్ల కలప అమ్మకానికి పెట్టారు. నేనేమో కొత్త దుకాణానికి దూలాల వేటలో ఉన్నాను.

పక్షుల చదువు చదువుతున్న మా చెల్లెలి బిడ్డ అప్పటికే ఆ దిబ్బ మీది పిచ్చుకల కాళ్లకు రంగురంగుల ఉంగరాలు తొడిగి, ఏది బతికి ఉంది, ఏది ఎటు పోయింది అని కనిపెడుతూ ఉండేది. ఉంగరమున్న పిట్ట ఒక్కటి కూడా నీళ్లు దాటి ఒడ్డున కనబడలేదట. "మామా, ఒక్క ఇంటి కప్పన్న వానలు పోయేదాక ఉంచు. ఇవి నీళ్లు దాటవు, తడిసి సస్తయి" అని బతిమాలింది.

దుకాణం కొత్త బజారుకు మార్చినా పాత బల్ల, పాత తరాజు పెట్టుకుంటే పాత గిరాకీ వెతుక్కుంటూ వస్తుందని మా బాపు నేర్పిన విద్య. దాన్నే ఆ పిల్లకు అప్పజెప్పాను. "గూడు ఏడికి పోతే పిట్ట ఆడికే వస్తది, నువ్వేం పరేషాన్ గాకు" అన్నాను. గూళ్లు రాలకుండా దూలాలకు గోనెపట్టాలు చుట్టించి దగ్గరుండి దింపిస్తుంటే తండాలోని ఒక అవ్వ పడీపడీ నవ్వింది. "ఏంది సేటూ, పిట్టలకు గూడ బస్సు టికెట్ కొట్టిస్తవా?"

ఆఖరి మోపు కోసం వెళ్లేసరికి తండా ఖాళీ అయిపోయింది. పొయ్యిల్లో బూడిద కూడా చల్లారింది. కప్పులేని మొండిగోడల మీద పిచ్చుకలు వరుసగా కూర్చుని ఉన్నాయి, ఎర్ర ఉంగరాలు, నీలి ఉంగరాలు, ఒక్కదాని నోటా కూత లేదు. ఇంతలో ఒక ఆడపిచ్చుక ముక్కున గడ్డిపోచ పట్టుకుని ఎగిరి, వెనుకటి చూరు ఉండిన చోట, ఉత్త గాలిలో రెక్కలు కొట్టుకుంటూ నిలబడింది. పోచ పెట్టడానికి చోటు వెతికి, వెతికి, గోడ మీదికి దిగి, మళ్లీ అక్కడికే ఎగిరింది. నేను సద్ది మూట విప్పితే అన్నీ చప్పుడు లేకుండా దిగి నా కాళ్ల చుట్టూ చేరాయి. ఒక్కటీ మెతుకు ముట్టలేదు, నా ముఖంలోకే చూశాయి. తెప్ప నడిపేవాడు నా రెక్క పట్టి లాగాడు. "పా సేటూ, పోదాం. గివి మనల్ని లెక్కవెడుతున్నయి."

వానలు వెనకబట్టాక మా చెల్లెలి బిడ్డ దిబ్బంతా గాలించింది, ఒడ్డున ఉన్న ఊళ్లన్నీ తిరిగింది. ఉంగరం కాలు ఎక్కడా కనబడలేదు. ఆ తరువాత ఆమె మా దుకాణం గడప తొక్కలేదు. నేను మాత్రం ప్రతి పంటకూ కొత్త దుకాణంలో గూళ్లున్న ఆ దూలం కింద వరికుచ్చు కట్టాను. జనం లేని వేళ పైనుంచి చిన్న రెక్కల చప్పుడు వినబడుతుంది. ఎలుకలంటుంది మా ఆవిడ. ఎలుకలైతే గింజలు తినాలి గదా; కుచ్చు ఎట్లా కట్టింది అట్లాగే ఎండిపోతుంది.

ఇప్పుడు మా దుకాణం తప్ప బజారంతా స్లాబులే, అద్దాలే. పిచ్చుక తిరిగి వచ్చినా దూరడానికి ఇంకో చూరంటూ లేదు. నా లెక్క నేనే చెప్పుకోవాలి. దూలాలకు చెదలు పట్టలేదు, తండావాళ్లకు ఇయ్యవలసింది ఇచ్చాను. పిచ్చుకల ఇళ్లకు మాత్రం ఏమీ ఇయ్యలేదు, అవి ధర చెప్పలేదు గనుక. ధర చెప్పలేనివాళ్ల సొత్తు ఎత్తుకొచ్చి దానికి బేరమని పేరు పెట్టుకున్నాను. మా బజారులో అయితే దాన్ని దొంగతనమనే అంటారు.