వదిన చెరిపేసిన గడి

నీళ్ళ ఆఫీసులో పనిచేసే వదిన దొంగలెక్కలు రాసిందని వీధంతా కోడై కూస్తోంది. అదేం కాదండీ. లెక్క ఒప్పో తప్పో ఇంకా తేలలేదు గానీ, అందులో దొంగబుద్ధి మాత్రం లేదు.

వదిన పని మంచినీళ్ళ ట్యాంకుల లెక్కలు చూడటం. దానికి కంప్యూటర్లో నోట్‌బుక్ అని ఒకటుంటుంది. ఒక గడిలో ఏం చేస్తున్నామో మామూలు మాటల్లో రాసుకోవాలి, దాని కింద గడిలో కోడ్ రాయాలి. మీట నొక్కితే జవాబు అక్కడే పడుతుంది. వదిన ఆ గడుల్ని వంటింటి డబ్బాల్లా సర్దుకునేది.

కొత్త ట్యాంకు మీటరు ఉన్న మురికి కంటే ఎక్కువ చూపిస్తుంది. అది సరిచేయడానికి ఒక గడి రాసి నడిపింది. ఎందుకు రాసిందో పైన రాయలేదు, తర్వాత చూద్దాంలే అనుకుంది. చివర్లో అంతా సర్దుతూ, ఇదేదో పాత చెత్త అనుకుని దాన్ని కాస్తా చెరిపేసింది. గడి పోయింది గానీ సవరణ కంప్యూటరు బుర్రలో అలాగే ఉండిపోయింది. అందుకే నీళ్ళు భేషుగ్గా ఉన్నాయని జవాబొచ్చింది. అది పంపించేసి, మిషను ఆపేసి, ఇంటికెళ్ళిపోయింది.

మిషను ఆపగానే బుర్రలో ఉన్న సవరణా పోయింది. పెద్దసారు తన మిషన్లో మొదట్నుంచీ నడిపిస్తే, ఆ గడి లేక, నీళ్ళు పనికిరావని వచ్చింది.

"ఏమ్మా, నీ దగ్గర మంచినీళ్ళు, నా దగ్గరికొచ్చేసరికి మురికినీళ్ళా?"

"ఒక గడి పోయింది సార్."

"పోయిందా, తీసేశావా?"

"నేనే తీసేశాను సార్."

నిజం చెప్పి ఇరుక్కుంది పిచ్చితల్లి. ట్యాంకు నీళ్ళు మళ్ళీ పరీక్ష చేయించేదాకా ఆఫీసుకి రావద్దన్నారు. పోనీ ఆ గడి తిరిగి రాద్దామంటే, ఎంత తగ్గించిందో గుర్తు రాదే! ఒకసారి ఇంత అనిపిస్తుంది, ఇంకోసారి కాదనిపిస్తుంది.

ఆ ట్యాంకు నీళ్ళే తాగుతున్న ఆడపడుచు ఫోన్ చేసింది.

"వదినా, ఊళ్ళోవాళ్ళ మాట నాకెందుకు, నువ్వు చెప్పు. పాపకి ఈ నీళ్ళు పట్టొచ్చా?"

వదిన మళ్ళీ ఆ అంకె గుర్తు తెచ్చుకోబోయింది. చివరికి, "కాచి పట్టు" అంది.

"అంటే నీకే నమ్మకం లేదన్నమాట." ఫోన్ పెట్టేసింది.

పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. వదిన గ్లాసులో నీళ్ళు పట్టుకుని వెలుతురుకేసి చూస్తూ కూర్చుంటోంది. పలకరిస్తే ఊఁ అంటుంది, అంతే. అటువైపు వెళ్తే ఒకసారి తలుపు తట్టండి. లెక్కల సంగతి ఎత్తకండి. ఇంత తిన్నదో లేదో చూసి రండి.