దక్షిణం గోడకు తలుపు

ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు పోయి రావడం ఎంతసేపు అంటారు, ఎప్పుడో ఒకసారి పోయేవాళ్ళు. రోజూ పోయి చూడాలి. పొద్దున బస్సులో నిలబడి పోవడం, అక్కడ మోటార్ల వైండింగ్ షాపులో పీట మీద వంగి కూర్చోవడం, సాయంత్రం మళ్ళీ నిలబడి రావడం. కాలిపోయిన బోరు మోటార్లలోంచి పాత రాగి తీగ పీకేసి కొత్త తీగ చుట్టడం నా పని. బోర్డు మీద పేరు ఓనరుది, నడుం నొప్పి నాది. ఒక రోజు బస్సు దిగబోతుంటే నడుం పట్టేసి మెట్టు మీదే నిలబడిపోయాను. "దిగేదుంటే దిగన్నా, లేకుంటే పక్కకి జరుగు" అని వెనక వాళ్ళు అరుస్తున్నారు. నాకు ఆ రెండూ చేతకాలేదు. ఇంక ఇంటి దగ్గరే పని పెట్టుకోవాలని అప్పుడే అనుకున్నాను.

మా ఇంటికి దక్షిణం వైపు పాత బర్రెల కొట్టం ఉంది. బర్రెలు ఎప్పుడో పోయాయి. కట్టెలు, కుక్కి మంచాలు, కోళ్ళు మాత్రం మిగిలాయి. దాన్ని పట్టుకుని వర్క్‌షాపు అనడానికి నాకే నవ్వొచ్చింది గానీ, ఉన్న చోటు అదొక్కటే.

డబ్బున్నవాళ్ళు కట్టేటప్పుడు ముందు ప్లాను గీయిస్తారు. నేను ముందు ఊళ్ళో ఎవరు ఏం పడగొడుతున్నారో చూసుకుంటూ తిరిగాను. వింజమూరు రోడ్డులో ఒక టీ హోటలు పీకేస్తుంటే దాని రేకులు తెచ్చుకున్నాను. వాటికి చిల్లులు ఎక్కువ, రేకు తక్కువ. ఇంటి మెట్లకు వేయగా మిగిలిన కడప బండను రెండు రాతి కూసాల మీద పరిస్తే పని బల్ల అయింది. బరువు మోటార్లు లేపడానికి ఎండిపోయిన బోరు పైపులు మూడు కాళ్ళుగా నిలబెట్టి పైన గొలుసు కట్టాను. సామాను కదలకుండా బిగించి పట్టే ఇనుప వైసు ఆత్మకూరు పాత సామాన్ల కొట్లో దొరికింది. ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెస్తుంటే, దానికి లగేజీ టికెట్ కొట్టాలని కండక్టరు పేచీ పెట్టాడు. తలుపులకు తారు డబ్బాలు కోసి, సాపు చేసి, చెక్క చట్రానికి కొట్టాను. ఎండ ముదిరితే ఆ తలుపులు చేతికి అంటుకునేవి. ఆదివారం వచ్చిందంటే జనం పడుకుంటారు, నేను ఆ కొట్టంలో ఒళ్ళు హూనం చేసుకునేవాణ్ణి.

అన్నీ అయ్యాక పేచీ తలుపు దగ్గర వచ్చింది. ఆటోలు, ట్రాక్టర్లు తిరిగే వీధి దక్షిణం గోడ పక్కనే ఉంది. ఆ గోడ పగలగొట్టి తలుపు పెడదామన్నాను. మా అమ్మ ఒప్పుకోలేదు.

"దక్షిణం పక్క వాకిలి పెట్టేది లేదు. మీ నాయన బతికుండంగానే వద్దన్నాడు. వచ్చేవాళ్ళు మన ముందు వాకిట్లోంచే వస్తారు, వాళ్ళకేం కాళ్ళు లేవా?"

గోడ కొట్టే ఖర్చు తప్పిందిలే అని నేను కూడా లోలోపల సంతోషపడ్డాను. తలుపులు మా ముందు వాకిట్లోకి తెరుచుకునేలా బిగించి, ఆత్మకూరు షాపులో పని మానేస్తున్నానని చెప్పేసి వచ్చాను.

మోటార్లు బాగానే వచ్చాయి. కానీ ప్రతి మోటారూ మా అమ్మను దాటుకుని రావాలి. ఆమె కూర్చునేది ముందు అరుగు మీదే.

"రా నాయనా, ఎండన పడి వచ్చినావు. ఏ ఊరు మీది? ఎవరి బిడ్డవి?"

అంతే. కాసేపట్లో వాళ్ళ మేనత్త మా వాళ్ళకు ఏదో వరసయ్యేది. ముందు మజ్జిగ, తర్వాత కాఫీ, పొద్దెక్కితే అన్నం. మా ఇంట్లో చెయ్యి కడుక్కున్న మనిషిని పట్టుకుని, మోటారుకు ఇంతయింది ఇవ్వు అని ఎలా అడగను? నాకు నోరు రాదు. ఇస్తే నన్ను చిన్నబుచ్చినట్టవుతుందని వాళ్ళకు మొహమాటం. "పంటకి చూసుకుందాం బావా" అని మోటారు ఎత్తుకుని పోయేవాళ్ళు. తర్వాత ఒక సంచి నిమ్మకాయలో, కాసిని అలసందలో పంపేవాళ్ళు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఈ మనుషులే ఆత్మకూరులో అయితే మోటారు ఎత్తకముందే ఓనరు బల్ల మీద డబ్బు పెట్టడం నేను కళ్ళారా చూశాను.

మా ఆవిడకు ఓపిక నశించింది. "ఇంటి నిండా నిమ్మకాయలే ఉండాయి. తీగలమ్మే ఆయనకి ఊరగాయ పెట్టిచ్చి పంపేదా?" అంది.

నాకు నవ్వు రాలేదు. తీగ అయిపోయింది, కొనడానికి చేతిలో ఏమీ లేదు. విప్పిన మోటార్లు బండ మీద అలాగే పడి ఉన్నాయి. అప్పుడే పాత ఓనరు ఫోన్ చేశాడు. "వస్తావా ఏంది? నీ పీట అట్నే ఉండాది" అన్నాడు. ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించడానికి ఏముంది? ఒక్కసారి ఆ బస్సు మళ్ళీ ఎక్కానంటే ఈ కొట్టంలో తిరిగి కోళ్ళే ఉంటాయని నాకు తెలుసు.

ఆ సంగతి మా అమ్మకు చెప్పాను. నేను నడుం పట్టుకుని లేవడం ఆమె చూసింది.

"పగలగొట్టుకోపోరా ఆ గోడ. మీ నాయనకి నేను చెప్పుకుంటాలే."

గోడ నేనే కొట్టాను. తారు తలుపులు పీకి వీధి వైపు బిగించాను. వాకిలి వైపు కంతను ఆ రాలిన ఇటుకలతోనే మూసేశాను. కొత్త గడపకు మా అమ్మే పసుపు రాసి, బొట్లు పెట్టింది. ఆ పూట ఆమె ముఖంలోకి చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు.

మర్నాటి నుంచే తేడా తెలిసింది. ఆటో వీధిలో ఆగేది. మనిషి గడప అవతలే నిలబడి "ఎంతవుద్ది?" అనేవాడు. నేను తడుముకోకుండా చెప్పేవాణ్ణి. తీగకని కొంత ముందే ఇచ్చి, పని అయ్యాక మిగతా డబ్బు బండ మీద పెట్టి పోయేవాడు. మనుషులు వాళ్ళే, నేనూ నేనే. తీగ డబ్బిచ్చి తెచ్చుకున్నాను. పాత ఓనరుకు రానని చెప్పేశాను. సంతోషం కన్నా అలుపే ఎక్కువగా ఉంది గానీ, బస్సు బాధ తప్పింది.

మొన్న మా మామ వచ్చాడు. మా అమ్మకు సొంత అన్న, వింజమూరు దగ్గర నిమ్మతోట. ఇదివరకు మోటారు తెస్తే మా వాకిట్లోనే అన్నం తిని, మంచం వేసుకుని, పొద్దుగూకేదాకా చెల్లెలితో కబుర్లు చెప్పేవాడు. ఆమెకు ఆ రోజు పండగే. ఈసారి మోటారు ఎవరి చేతనో పంపి, అయ్యాక తీసుకుపోవడానికి తను ఆటోలో వచ్చాడు.

"ఇంట్లోకి రా మామా, అమ్మ ఉండాది" అన్నాను.

"వద్దులేరా అల్లుడా. లోపలికొస్తే మీ అమ్మ అన్నం పెడతాది, నువ్వు డబ్బులు తీసుకోవు. ఇదే బాగుండాది." నా చేతిలో నోట్లు కుక్కాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు, నిజంగా నా మేలు కోరే అన్నాడు. ఆటో కదిలింది.

గొంతు గుర్తుపట్టినట్టుంది, మా అమ్మ ఇల్లంతా చుట్టి వీధిలోంచి వచ్చింది. చేతిలో కాఫీ గ్లాసు. రొప్పుతోంది.

"మా అన్న వచ్చినాడు గదా?"

"వచ్చినాడమ్మా. మోటారు తీసుకొని పోయినాడు."

ఆమె వీధి చివరిదాకా చూసింది. తర్వాత నా చేతిలో నోట్లు చూసింది. వాటిని ఎక్కడ పెట్టాలో నాకు తోచలేదు, సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇప్పుడు మా అన్న మనింటికి వచ్చినాడనుకోవాల్నా రా, రాలేదనుకోవాల్నా?"

"వచ్చినాడనే అనుకోమ్మా" అన్నాను.

కాఫీ గ్లాసు బండ మీద పెట్టి, "నువ్వు తాగు" అని, మళ్ళీ చుట్టూ తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది.