ఎనభై ఆవులు ఆగిన పూట

దేవకుమారక్క ఏదీ గొప్పగా చెప్పుకోదు. రేపల్లె పక్క పల్లెలో బర్రెల మధ్య పెరిగిన మనిషి. ఏడేళ్లుగా పరాయి దేశంలో, కిల్కెన్నీ అనే టౌను దాటాక కొండవారనున్న ఓ ఊళ్లో, ఒంటరి ముసలివాళ్ల ఇళ్లకెళ్లి కనిపెట్టుకుని చూసుకునే కేరర్. ఊరంటే ఒక చర్చి, ఒక పబ్బు, విసిరేసినట్టు పొలానికొకటిగా ముప్పై ఇళ్లు. "మొదట్లో అసలిక్కడ మనుషులున్నారా అనుకున్నా తమ్ముడూ" అంటుంది.

నిరుడు అక్టోబరు గాలివానకి కరెంటు పోయింది. ఫోన్లు పలకలేదు. చెట్లు పడి రోడ్డు మూసుకుపోవడంతో అక్క తను చూసుకునే నోరా ఇంట్లోనే ఉండిపోయింది. నోరాకి ఎనభై నాలుగేళ్లు, ఆక్సిజన్ మిషను లేనిదే ఊపిరాడదు. మిషను ఆగాక పెట్టిన సిలిండర్‌లో తెల్లారేసరికి మిగిలింది రెండు గంటల గాలి. జనరేటరు కోసం పొరుగు పాడిరైతు డెక్లాన్ దగ్గరికి పొమ్మని, తను కదలకుండా కూర్చుంటానని నోరాయే పంపించింది.

అక్క బురద పొలాలకడ్డంపడి వెళ్లింది. డెక్లాన్ కొట్టంలో ఎనభై పాడి ఆవులు, ముందురోజు పొద్దున్నుంచీ పితకలేదు. పొదుగులు రాళ్లలా బిగిసి ఒకటే అరుపులు. చుట్టుపక్కల మూడు పాడి కొట్టాలకీ కలిపి ట్రాక్టరు మీద నడిచే జనరేటరు ఒక్కటే. వంతులేసుకుని తిప్పుకుంటున్నారు. డెక్లాన్ వంతు అప్పుడే వచ్చింది, పాలు పితికే మిషనుకి తీగ తగిలిస్తున్నాడు. పాడి బాధ తెలిసింది కాబట్టి చెప్పడానికి అక్కకి మనసొప్పలేదట. అయినా నోరా సంగతి చెప్పింది. అతను తీగ పీకేశాడు.

"ఆవులకేం, అరుస్తాయి. ట్రాక్టరెక్కు."

నోరా మిషను మళ్లీ గురగురలాడింది. అంతలో ఎలా తెలిసిందో, నలుగురు రంపాలతో వచ్చి రోడ్డు మీద చెట్లు కోసేస్తున్నారు. ఒకాయన దారి తెరుచుకోగానే కొత్త సిలిండర్ల కోసం టౌనుకి బయల్దేరాడు. అవి వచ్చేదాకా జనరేటరు నోరా వాకిట్లోనే. "ఎవరూ ఎవర్నీ అడగలేదు తమ్ముడూ. ఆ ముప్పై ఇళ్లూ ఒకే ఇల్లని నాకప్పుడు తెలిసింది" అంది అక్క.

పక్కింటావిడ వచ్చి నోరా దగ్గర కూర్చోగానే అక్క బకెట్ పుచ్చుకుని కొట్టానికి నడిచింది. ఆ ఊళ్లో చేత్తో పితకడం ఇప్పుడెవరికీ రాదు. మరీ నొప్పితో ఉన్నవాటిని చూపించమంది. డెక్లాన్ నమ్మీనమ్మక చూపించాడు. రెండు గంటల్లో తొమ్మిది ఆవులు. వేళ్లు కొయ్యబారిపోయాయి. మిగతావి అరుస్తూనే ఉన్నాయి.

తలెత్తి చూస్తే, రంపాలవాళ్లు బకెట్లతో వరసగా నిలబడున్నారు. వాళ్లలో పెద్దాయన పదో ఆవు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఎలాగో చూపించు."

అక్క అతని బొటనవేలు లోపలికి మడిచి, చేతిని పొదుగు మీద పెట్టింది.