బేస్ వరుసలో ఆలిస్ మేడం

"సార్, గేటు కాడ ఉన్న. జెర కిందికొస్తరా?" అన్నాడు ఫోన్లో కొరియర్ అతను.

"నేను సార్‌ని కాదు బాబూ, మేడంని," అంది ఆలిస్.

"సరే సార్, తొందరగ రాండ్రి."

ఆలిస్ ఫోను సోఫాలోకి విసిరేసింది. మారేడ్‌పల్లి బడిలో తెలుగు చెప్పే టీచరమ్మ, రైల్వే ఆఫీసులో పనిచేసే రిచర్డ్ భార్య, కాలేజీకెళ్లే కూతురున్న మనిషి. ఫోనెత్తితే మాత్రం సార్! బ్యాంకువాళ్లకి సార్, గ్యాసువాళ్లకి సార్. ఆఖరికి గుంటూరు నుంచి సొంత పెదనాన్న కూడా "అబ్బాయ్ రిచర్డూ, మా ఆలిస్‌కి ఫోనివ్వు" అన్నాడు. ఆ రోజు బాత్రూంలో పంపు తిప్పుకుని, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చింది. మర్నాడు ఆయన మళ్లీ చేస్తే, రిచర్డ్‌లాగే మాట్లాడి, అల్లుడికి బాకీ పడ్డ మర్యాదలన్నీ ఏకరువు పెట్టి ముసలాయన్ని హడలగొట్టింది. ఆమె తీరే అంత.

చర్చిలో మాత్రం ఆ గొంతుకి రాజయోగం పట్టింది. క్వయర్‌లో ఆడవాళ్లు ముందు వరుసల్లో నిలబడి పై గొంతులు పాడతారు, మగవాళ్లు వెనక నిలబడి కింది గొంతులు పాడతారు. అన్నిటికన్నా అడుగున ఉండేది బేస్. ఏళ్ల తరబడి ముందు వరుసలో పాడిన ఆలిస్ గొంతు మెట్టు మెట్టుగా దిగిపోతుంటే, క్వయర్ మాస్టారు యెషయా ఆమెని మెల్లగా వెనక్కి జరుపుతూ వచ్చాడు. "ఈ ఒక్క ఆదివారమే అమ్మా, గా బేస్ పాడేటాయన ఊరికి పోయిండు" అని షురూ చేసిన మనిషి మళ్లీ ముందుకి పిలిస్తే ఒట్టు. బేస్ పాడే ఇద్దరిలో ఒకాయన బదిలీ మీద వెళ్లిపోయాడు. రెండో ఆయన పళ్లు కట్టించుకున్నాక నోరు తెరిస్తే ఈల వస్తోంది. చివరికి బేస్ వరుసలో ఆలిస్, ఒక స్తంభం మిగిలాయి.

మొదట సిగ్గుతో చచ్చిపోయింది. తర్వాతొకనాడు పాట చివర్లో బాగా కింది స్వరం పట్టి లాగితే, చేతి కింద చెక్క బల్ల ఆ గొంతుకి అదిరి గుర్రుమంది. ముందు వరుస ఆడవాళ్లంతా ఉలిక్కిపడి వెనక్కి చూశారు. ఆలిస్‌కి పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. ప్రార్థన జరుగుతున్నంతసేపూ పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బల్లని గుర్రుమనిపించే గొంతు ఎంతమందికి ఉంటుంది చెప్పండి! వచ్చే క్రిస్మస్‌కి యెషయా ఒక పాటలో చరణం మొత్తం బేస్‌కే రాసిచ్చాడు. ఇక ఆలిస్ వంట చేస్తూ అదే, పేపర్లు దిద్దుతూ అదే. ఆటోలో పాడుకుంటుంటే, ఇంకెవరెక్కారా అని డ్రైవరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

గొంతొక్కటే మారితే బాగానే ఉండేది. వేళ్లు లావెక్కి పెళ్లి ఉంగరాన్ని కంసాలి చేత కోయించాల్సి వచ్చింది. దవడ ముందుకి వచ్చింది, పళ్ల మధ్య సందులొచ్చాయి. ఫోటో అంటే చాలు, ఆలిస్ కెమెరా తను పట్టుకుని అందరినీ తీసేది. ఇక పాదాలు. రెజిమెంటల్ బజార్‌లో చెప్పుల షాపు రాజేందర్ ఆడవాళ్ల సైజులన్నీ తొడిగి చూసి, చెమట తుడుచుకుని, పై అరలోంచి ఒక పెట్టె దించాడు.

"అక్కా, గివి జెంట్స్‌వే. పైన పూసలు కుట్టిస్తా, ఎవ్వరికి తెల్వది."

"ఎర్ర పూసలు కుట్టించు. ఎలాగూ మగాణ్ణయ్యాను, షోగ్గా ఉండాలి," అంది ఆలిస్. రాజేందర్ నవ్వాలో వద్దో తెలియక పెట్టె మూత మూశాడు. ఆ పూటకి జోకు వేసింది గానీ, ఇంటికొచ్చాక ఆ చెప్పుల వంక చూస్తూ చాలాసేపు మంచం మీద కూర్చుంది. తన ఒళ్లు తన మాట వినడం లేదని ఆమెకి భయంగా ఉంది.

డాక్టరు దగ్గరికి వెళ్లింది మాత్రం వీటి గురించి కాదు, గురక గురించి. "పక్కన గూడ్సుబండి పడుకున్నట్టుంది డాక్టర్, నేను హాల్లోకి మారిపోయాను," అని రిచర్డే చెప్పుకున్నాడు. డాక్టరమ్మ గొంతు వైపు చూడకుండా ఆలిస్ చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూసింది. "పెళ్లినాటి ఫోటో ఉందా?" అని అడిగింది. రిచర్డ్ ఫోన్లో చూపించాడు. డాక్టరమ్మ ఫోటోని చూసింది, ఆలిస్‌ని చూసింది, రక్తపరీక్షకి, స్కానింగ్‌కి రాసింది.

జబ్బు పేరు ఆక్రోమెగలి. లక్షల్లో ఏ కొందరికో వస్తుందిట. మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఉంటుంది. దానిలో చిన్న గడ్డ లేచి, ఎదుగుదల హార్మోన్‌ని ఎడాపెడా వదిలేస్తోంది.

"అయితే నేను ముసలిదాన్నవడం కాదా? ఎక్కువ తినడం కాదా?" అంది ఆలిస్.

"కాదమ్మా."

ఆలిస్ ఆ గదిలోనే పకపకా నవ్వేసింది. ఇన్నేళ్లూ తనని తాను తిట్టుకున్న తిట్లన్నీ ఆ బఠాణీ గింజకి బదిలీ చేసేసింది. కానీ డాక్టరమ్మ నవ్వలేదు. గడ్డ కంటి నరాలకి ఆనుతోంది, నెలలోపు ముక్కులోంచి ఆపరేషన్ చేసి తీసేయాలి అంది.

"మరి గొంతు?"

"వాపు తగ్గుతుంది. గొంతు మారొచ్చు, మారకపోవచ్చు. ముందే చెప్పలేం."

"నీ పాత గొంతు నీకొచ్చేస్తుంది ఆలిస్!" అన్నాడు రిచర్డ్ సంబరంగా. ఆలిస్ మనసులో లెక్క వేసుకుంది. ఈ జబ్బు ఆమె ఉంగరం లాక్కుంది, మొహం లాక్కుంది, నిద్ర లాక్కుంది. ఇచ్చింది ఒక్కటే, ఆ గొంతు. ఇప్పుడు అది కూడా పోతుందేమో.

"క్రిస్మస్ అయ్యాక చేయించుకుంటానండీ," అంది ఇంటికొచ్చాక.

"కళ్లు పోతే పాట ఎలా చూసి పాడతావ్?"

"కళ్లు మూసుకుని పాడతా!"

ఆ రాద్ధాంతం తేలక రిచర్డ్ యెషయాని పిలిపించాడు. మాస్టారు తన పక్షమేనని ఆలిస్‌కి ధీమా. ఆయన టీ తాగి, కప్పు కింద పెట్టాడు.

"అమ్మా, బేస్ లేకుంటే ఈ యేడు పాట జెర గాలిల తేల్తది. తేలనీ. నువ్వు తక్లీఫ్ పడి పాడితే నేను చెయ్యెట్ల ఊపాలె? ఆపరేషన్ చేయించుకో. నీ జాగల ఎవ్వర్నీ నిలబెట్ట."

ఆలిస్ ముక్కు చీదుకుని, ఇక ఆ ముక్కునే అప్పగించక తప్పదని ఒప్పుకుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. ముక్కు చీదకూడదు, వంగకూడదు, బరువులెత్తకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, కొన్నాళ్లు పాడకూడదు. మాట్లాడొద్దని మాత్రం ఎవరూ అనలేదు. అయినా ఆలిస్ గుసగుసగానే మాట్లాడేది. గట్టిగా మాట్లాడితే ఏ గొంతు బయటికొస్తుందో తెలిసిపోతుంది, ఆమెకి తెలుసుకోవాలని లేదు. వారం వారం చేతుల వాపు దిగింది. కోయించిన ఉంగరం అతికించుకొస్తే వేలికి పట్టింది. రిచర్డ్ మళ్లీ గదిలోకి వచ్చి పడుకున్నాడు. ఎర్ర పూసల చెప్పులు వదులై టపటపలాడుతుంటే ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నారు. ఆలిస్ చెప్పుల్లో కాగితాలు కుక్కింది. చెప్పులు వదులైతే గొంతు కూడా వదులైపోతుందని ఆమె బెంగ.

క్రిస్మస్ ఆరాధనలో కింద జనంలో కూర్చుని వింది. బేస్ వరుసలో స్తంభం ఒక్కటే ఉంది. యెషయా ఆ చరణాన్ని ఎవరికీ ఇవ్వలేదు, ఆర్గన్‌తోనే దాటించేశాడు. ఆలిస్ ఏడ్చింది, ముక్కు చీదలేక నానా అవస్థ పడింది.

కొత్త సంవత్సరం వచ్చాక ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. రిచర్డ్ ఆఫీసులో, కూతురు కాలేజీలో ఉన్నారు. ఆలిస్ గుసగుసగా "హలో" అంది.

"వినొస్తలే! జెర గట్టిగ మాట్లాడుండ్రి!"

ఆలిస్ కళ్లు మూసుకుంది. ఊపిరి పీల్చింది. "ఎవరండీ?" అంది గట్టిగా.

"కొరియర్ సార్. గేటు కాడ ఉన్న."

ఆలిస్ ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది.

"ఏమన్నావ్ బాబూ?"

"కొరియర్ సార్!"

"ఇంకోసారి అను."

"అరె, ఏందీ పరేషాన్! కొరియర్ సార్, కొరియర్!"

ఆలిస్ కాగితాలు కుక్కినా నిలవని వదులు చెప్పులు టపటపలాడించుకుంటూ, ఉంగరం మెరుస్తున్న చేత్తో మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, నవ్వుతూ ఏడుస్తూ కిందికి దిగింది. కొరియర్ అతను ఆమె వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని తొంగి చూశాడు.

"సార్ రాలేదా మేడం?"

"నేనే సార్‌ని," అంది ఆలిస్. గేటు రేకు సన్నగా గుర్రుమంది.